ఒకే అద్దం పదిసార్లు

“వేసుకోనంటే వేసుకోను. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?”

అత్తయ్య విసిరిన మాత్ర బల్ల మీద పడి, దొర్లి, కుర్చీల కిందికి పోయింది. మామయ్య మోకాళ్ల మీద వంగి దాన్ని వెతకడం మొదలుపెట్టారు. కింద ఆయన కళ్లద్దాల షాపు తెరవాల్సిన వేళ దాటి అప్పటికే అరగంటయింది.

“డాక్టరమ్మ రోజు విడిచి రోజు వేసుకోమంది. ఇవాళ వేసుకోవాల్సిన రోజు,” అన్నారు ఆయన బల్ల కిందినుంచి.

“అయితే ఆవిడనే మింగమనండి.”

“రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ మందు మానేస్తానంటావేమిటే? ఎవరైనా వింటే నవ్విపోతారు.”

“రేపు పరీక్ష కాబట్టే మానేస్తున్నా. ఇది మింగిన రోజల్లా నా చెయ్యి కర్రముక్క అయిపోతోంది. అన్నీ పుస్తకంలో రాసిపెట్టాను. కావాలంటే చూసుకోండి.”

పుస్తకం అన్న మాట వినగానే నేను తల దించుకున్నాను. నిన్న సాయంత్రం ఆ పుస్తకం నా కంటపడిన దగ్గర్నుంచీ నేను నేనుగా లేను.

అది పెద్ద పుస్తకమేమీ కాదు, అట్ట చిరిగిన జేబు డైరీ. అత్తయ్య ఇరవై ఆరేళ్లుగా క్రేన్ ఆపరేటరు. నలభై మీటర్ల ఎత్తున చిన్న గాజుగదిలో కూర్చుని, కింద మనుషులుండగా టన్నుల బరువు ఎత్తి దించిన మనిషి. యార్డులో అందరూ ఆవిణ్ణి ఆకాశమ్మ అంటారు. ఆరు నెలల కిందట ఆ గాజుగదిలోనే కుడిచెయ్యి చచ్చుబడింది. ఎడమచేత్తో బరువుని జాగ్రత్తగా నేల మీద పెట్టి, ఆ తర్వాతే తనని కిందికి దింపమని కేకేశారట. ఆవిడ సంగతి అర్థం కావడానికి ఆ ఒక్క ముక్క చాలు.

చెయ్యి మెల్లమెల్లగా తిరిగొచ్చింది. మళ్లీ క్రేన్ ఎక్కాలంటే యార్డు వాళ్ల పరీక్ష నెగ్గాలి, మొదటిసారి నెగ్గలేకపోయారు. మూడు వారాల కిందట డాక్టరమ్మ కండరాల బిగుతు తగ్గడానికి ఈ కొత్త మాత్ర రాసిచ్చింది. దాంతోపాటు, రోజూ క్రేన్ ఆట ఆడమంది. ఆట యార్డు శిక్షణ కేంద్రం వాళ్లిచ్చింది. ఓడ మీది పెట్టెలు ఎత్తి లారీల మీద పెట్టాలి, మూడు నిమిషాల్లో ఇరవై. ఎన్ని పెడితే అన్ని మార్కులు. అత్తయ్య రోజూ మార్కు రాసి, పక్కనే కారణం కూడా రాసేవారు.

“నిద్ర బాగా పట్టింది. 18.”

“ఈయన పక్కన కూర్చుని ఈల వేశారు. 11.”

“ఈయన్ని బయటికి పంపించాను. 18.”

“ఈయన బయటే ఉన్నారు. 10. అయితే ఈయన తప్పు కాదు. చెప్పనక్కర్లేదు.”

అలా ఒకరోజు పద్ధెనిమిది, ఒకరోజు పదకొండు. గాలి మీద అనుమానం, కుర్చీ మీద అనుమానం, నా దగ్గు మీద కూడా ఒకరోజు అనుమానం. ఆఖరి పేజీలో మాత్ర వేసుకున్న రోజులకి గుండ్రంగా సున్నాలు చుట్టి ఉన్నాయి. ప్రతి సున్నా పక్కనా పదకొండో పదో.

ఆ సున్నాలు చూసిన నాకు మాత్ర గుర్తుకు రాలేదు. నా పని గుర్తుకొచ్చింది. ఆ రోజులన్నీ నేను డ్రైవర్ తీసేసిన రోజులు.

నేనేం పని చేస్తానో ఈ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా ఆయన ఓడలో వంటవాడు. వారానికోసారి ఫోన్ చేసి, “నీ కెర్నల్ ఎలా ఉంది?” అని పెంపుడు కుక్క సంగతి అడిగినట్టు అడుగుతాడు. కెర్నల్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి అందరికీ పని పంచే భాగం. దానికి కొత్త పని నేర్పే చిన్న ముక్క డ్రైవర్. అలాంటిదొకటి నేను రాస్తున్నాను. మా ఇంటి కంప్యూటర్‌ది ఒక ఆపరేటింగ్ సిస్టమ్. అత్తయ్య ఆట ఇంకో సిస్టమ్ కోసం తయారైంది. మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రాం కూర్చుని, దాని మాటలు దీనికి అర్థమయ్యేలా చెబుతుంటుంది. ఆట నడుస్తుంది కానీ నత్తనడక. నా డ్రైవర్ ఉంటే ఆ నడక పరుగవుతుంది.

అవుతుందని నిరూపించాలిగా! ఆట ఇంట్లో ఎలాగూ రోజూ నడుస్తోంది. పనిలో పని అనుకుని, మూడు వారాలుగా ఒకరోజు డ్రైవర్ ఎక్కించడం, ఒకరోజు తీసేయడం, తేడా కొలుచుకోవడం. అత్తయ్యకి చెప్పాలన్న ఆలోచన నాకు రానేలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

“దొరికింది,” అన్నారు మామయ్య బల్ల కిందినుంచి, మాత్ర పట్టుకుని.

“అత్తయ్యా,” అన్నాను. “మాత్రది తప్పు కాదు.”

ఇద్దరూ నా వైపు చూశారు. మామయ్య లేవడం కూడా మర్చిపోయారు.

“మరి ఎవరిది?”

“నాది.”

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “చెప్పు,” అన్నారు.

“ఆట లోపల చాలామంది పనివాళ్లున్నారనుకోండి. ఒకడు బొమ్మ గీస్తాడు, ఒకడు చప్పుడు చేస్తాడు, ఒకడు మీ చెయ్యి ఎటు కదిలిందో చూస్తాడు. ఒకడు ఆగితేగానీ ఇంకొకడు కదలకూడదు. ఎవరు ఆగాలో ఎవరు కదలాలో ఎవరో ఒకరు సైగ చెయ్యాలి.”

“సిగ్నల్ మ్యాన్.”

“ఆఁ, అదే. మామూలుగా ఆ సిగ్నల్ మ్యాన్ ఎక్కడో ఆఫీసులో కూర్చుంటాడు. ప్రతి సైగకీ అక్కడిదాకా పోయి, వరసలో నిలబడి, అడిగి రావాలి.”

“అలాగైతే రోజుకి ఒక్క పెట్టె దిగదు.”

“నా డ్రైవర్ వాణ్ణి తెచ్చి కొక్కెం పక్కనే నిలబెడుతుంది. అడగడం, రావడం అంతా అక్కడికక్కడే.”

“మంచిదేగా! ఇందులో నీ తప్పేముంది?”

“నేను వాణ్ణి ఒకరోజు నిలబెట్టి, ఒకరోజు పంపించేశాను అత్తయ్యా. మూడు వారాలుగా. మీకు పద్ధెనిమిది వచ్చిన రోజులు వాడున్నాడు. పదకొండు వచ్చిన రోజులు లేడు.”

మామయ్య మాత్రని చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయారు.

“మొన్న బుధవారం పది వచ్చింది,” అన్నారు అత్తయ్య చివరికి. “ఈ చేతిని బల్లకేసి కొట్టాను. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు.”

“విన్నాను.”

“ఏమనుకున్నావు?”

“తలుపు అనుకున్నాను.”

ఆవిడ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో మెల్లగా నిమిరారు. ఎవరినో అనరాని మాటలు అనేసి, తర్వాత సముదాయిస్తున్నట్టు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

తర్వాత ఉన్నట్టుండి తలెత్తారు. మొహం నిండా నవ్వు.

“అయితే చెయ్యి బాగున్నట్టేగా?”

“ఆఁ?”

“బాగాలేని రోజులన్నీ నీ కంప్యూటర్‌వైతే, నా చెయ్యి రోజూ బాగున్నట్టేగా? ఏమండీ, విన్నారా? నా చెయ్యి బాగుందట!”

“తొందరపడకు,” అన్నారు మామయ్య. తొందరపడడం అనేది ఆయన జాతకంలోనే లేదు. “నిన్నటిదాకా నా ఈల. పొద్దున మాత్ర. ఇప్పుడు కంప్యూటరు. రేపు ఇంకేదంటారో! నాకు మతి పోతోంది. ముందు చూద్దాం.”

“ఏం చూస్తారు?”

“షాపులో చూసినట్టే. కళ్లు పరీక్ష చేసేటప్పుడు అద్దం మార్చి, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతానుగా. కొంతమంది నా మొహమాటానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. అందుకని మధ్యలో అద్దం తీసినట్టే తీసి, మళ్లీ అదే పెడతాను. ‘అబ్బ, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది’ అన్నారనుకో, ఆ మనిషి మాట నమ్మి అద్దం చెయ్యకూడదు.”

“అంటే నేను అబద్ధాలాడతాననా?”

“నిన్ను కాదే తల్లీ. నమ్మకాన్ని. అది అందరిచేతా ఆడిస్తుంది.”

ఇంత తగువులోనూ మామయ్య మాట నాకు నచ్చింది. నా పనిలో నేను చెయ్యాల్సిందే ఆయన చెబుతున్నారు మరి. పది కాయితం ముక్కలు చించి, కొన్నిటి మీద ‘ఉంది’ అని, కొన్నిటి మీద ‘లేదు’ అని రాశారు. అత్తయ్య ఆట గదిలో, నేను నా లాప్‌టాప్‌లోంచి ఆ కంప్యూటర్‌ని అందుకుంటూ వంటింట్లో, ఆయన మధ్య గుమ్మంలో. ఆయన ముక్క చూపిస్తారు. నేను అందులో ఉన్నట్టు డ్రైవర్ ఎక్కించడమో దించడమో చేస్తాను. అత్తయ్యకి ఏది ఏదో తెలియదు.

అత్తయ్యకి ఆ కంప్యూటర్‌లో విడిగా ఖాతా ఉంది. అక్షరాలు పెద్దవి, బొమ్మలు తక్కువ. నా పని పాడవకూడదని నేనే పెట్టించాను. ఆట వేగం చూపించే అంకె తెర మూల అడ్డంగా ఉందని ఆవిడ మొదటిరోజే తీయించేశారు. కాబట్టి మాకు మార్కు తప్ప వేరే ఆధారం లేదు.

మొదటి ఆట. “పద్ధెనిమిది!” గదిలోంచి కేక.

మామయ్య ముక్క మార్చారు. ‘లేదు.’ నేను డ్రైవర్ తీసేశాను.

“పదిహేడు!”

నాకు ఆశ్చర్యమేసింది. మళ్లీ ‘లేదు.’

“పంతొమ్మిది! ఏమ్మా, ఇప్పుడు నీవాణ్ణి నిలబెట్టావు కదూ? కొక్కెం వెన్నలా జారింది.”

మామయ్య నా వైపు చూసి, వేలు పెదవి మీద పెట్టుకున్నారు.

పది ఆటలయ్యేసరికి కాయితం మీద వరసగా అంకెలున్నాయి. పద్ధెనిమిది, పదిహేడు, పంతొమ్మిది, పద్ధెనిమిది, పద్ధెనిమిది, పదిహేడు, పంతొమ్మిది, పద్ధెనిమిది, పద్ధెనిమిది, పద్ధెనిమిది. ‘ఉంది’కీ ‘లేదు’కీ పిసరంత తేడా లేదు.

నాకు బుర్ర తిరిగిపోయింది. నా ఖాతాలో నేనే కొలిచాను. డ్రైవర్ లేకపోతే సెకనుకి ముప్ఫై ఎనిమిది బొమ్మలు, ఉంటే అరవై రెండు. ఒకసారి కాదు, నలభైసార్లు కొలిచాను. మరి ఇక్కడ తేడా ఏమైపోయింది?

మామయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాయితం దగ్గరగా పెట్టుకుని చూశారు. “పదిసార్లూ ఒకే అద్దం పెట్టినట్టుంది,” అన్నారు.

“లేదు మామయ్యా. నా చేత్తో నేనే మార్చాను.”

“మార్చలేదని నేనన్నానా? మా షాపులో ఇలాంటి కాయితం వస్తే మాత్రం, అద్దం దాని గాడిలో పడిందో లేదో ముందు చూస్తాను.”

ఆ మాట మీద కాసేపు నిలబడి ఉంటే ఎంత బాగుండేది! ఈలోగా అత్తయ్య గదిలోంచి వచ్చేశారు. ఇరవై ఏళ్లు చిన్నదైనట్టుంది మనిషి.

“అయితే తేలిపోయింది. నీవాడున్నా, లేకపోయినా నా చెయ్యి నా చెయ్యే.”

“మరి ఆ పదకొండ్లు?” అన్నారు మామయ్య.

ఆయన అడిగింది ఆవిణ్ణి. జవాబు చెప్పింది నేను.

“అప్పట్లో ఆట నెమ్మదిగా ఉన్నప్పుడు ఎలా ఆడాలో అత్తయ్యకి అలవాటై ఉండదు. ఇప్పుడు రెండూ అలవాటైపోయాయి. అంతే అయ్యుంటుంది.”

తెలియనిదానికి కూడా తెలిసినట్టు జవాబు చెప్పే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఈ ఇంటికి వచ్చాక ఇంకాస్త ముదిరింది. ఇక్కడ అందరూ నేను చెబితే నమ్ముతారు.

“చూశారా? చదువుకున్న పిల్ల చెబుతోంది,” అన్నారు అత్తయ్య. “పాపం, ఆ మాత్రని అనవసరంగా ఆడిపోసుకున్నాను. ఎలాగూ ఇవాళ వేళ దాటిపోయింది. ఇవాళ్టిది రేపు పొద్దున వేసుకుంటాలెండి. ఆ మొహం మార్చండి ఇక.”

మామయ్య మొహం నిజంగానే మారింది. మాత్రని అగ్గిపెట్టెలో భద్రంగా పెట్టి షాపుకి వెళ్లిపోయారు. అత్తయ్య డైరీని నా ఒళ్లో పడేశారు.

“ఇది ఇక నాకెందుకు? నీ పరీక్షలకేమైనా పనికొస్తుందేమో ఉంచుకో.”

“కోపం లేదా అత్తయ్యా?”

“ఉంది. రేపు పైకెక్కి దిగాక తీరిగ్గా తిడతాను. ఇది రెండో పరీక్ష, మూడోది ఇవ్వరు. ఇవాళ నిన్ను తిడుతూ కూర్చునే తీరిక లేదు.”

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అత్తయ్య బూట్లు వేసుకుని, లేసులు తానే కట్టుకుని, మామయ్య చాపిన చేతిలోంచి మాత్ర తీసుకుని నాకు చూపించి మరీ మింగారు.

“సంతోషమా?” అని ఆయన్ని అడిగారు.

“పెళ్లయిన ముప్ఫై మూడేళ్లలో నువ్వు ఒక్కమాటకి విన్నది ఇదే మొదటిసారి. సంతోషం కాదు, భయంగా ఉంది.”

తొమ్మిదిన్నరకి ఇద్దరూ బయల్దేరారు. మెట్లు దిగేటప్పుడు అత్తయ్య ఎడమచేత్తో పక్క కమ్మీ పట్టుకోవడం చూశాను. పరీక్ష కదా, బెరుకేమోలే అనుకున్నాను.

ఇల్లు ఖాళీ అయింది. నా డ్రైవర్ కోసం కెర్నల్ చూసుకునే పెద్దలకి పంపాల్సిన ఉత్తరం తెరిచాను. ముప్ఫై ఎనిమిది, అరవై రెండు అని రాశాను. అక్కడితో వేళ్లు ఆగిపోయాయి. పద్ధెనిమిది, పదిహేడు, పంతొమ్మిది అని ఆ కాయితం చెవిలో జోరీగలా తిరుగుతోంది. అద్దం గాడిలో పడిందో లేదో అన్నారు మామయ్య.

ఉత్తరం మూసేసి, అత్తయ్య ఖాతాలోకి వెళ్లాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్నదాన్ని, మూడు వారాల్లో ఒక్కసారైనా ఆవిడ ఖాతాలోంచి చూడలేదు. ఆట లోపల ఏం జరుగుతోందో అంతా తెర మీద రాయమని అడిగి, ఆట మొదలుపెట్టాను. వంద వరసలు గబగబా పైకి పోయాయి. మధ్యలో ఒక వరస దగ్గర ఆపాను.

పరికరం తెరవడానికి ఈ ఖాతాకు అనుమతి లేదు. పాత పద్ధతిలో కొనసాగుతున్నాను.

మళ్లీ చదివాను. మళ్లీ చదివాను.

డ్రైవర్ ఎక్కించగానే కంప్యూటర్‌లో ఒక తలుపు ఏర్పడుతుంది. దుబాసీ ప్రోగ్రాం ఆ తలుపులోంచి వెళ్లాలి. ఎవరి ఖాతాకి ఆ తలుపు తెరుచుకోవాలో నియమం రాసింది నేనే, మొదటి వారంలో, హడావిడిగా. అందులో ఉన్నది ఒకే ఒక్క పేరు. నాది. నాకు తెరుచుకుంది కాబట్టి అందరికీ తెరుచుకుందనుకున్నాను. ఆ దుబాసీ మరీ మర్యాదస్తురాలు. తలుపు మూసి ఉంటే అరిచి గోల చెయ్యదు. మారుమాట లేకుండా పాతదారిన పోతుంది. చూసేవాళ్లకి తెలిసే దారే లేదు.

అంటే ఈ మూడు వారాల్లో అత్తయ్య ఆటకి నా డ్రైవర్ ఒక్కరోజు కూడా తోడు రాలేదు. నిన్న నేను పదిసార్లు మార్చింది నా ఖాతాకి మాత్రమే. ఆవిడ కళ్ల ముందు పదిసార్లూ ఒకే అద్దం.

ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. ఎంత పిచ్చిదాన్ని! మరుక్షణం నవ్వు పోయింది. డ్రైవర్ కాకపోతే మరి ఆ పద్ధెనిమిదులూ పదకొండులూ ఏమిటి?

డైరీ లాగి ఆఖరి పేజీ తీశాను. సున్నాలు చుట్టిన రోజులు. మాత్ర, పదకొండు. మాత్ర, పది. మాత్ర లేదు, పద్ధెనిమిది. డాక్టరమ్మ మాత్ర ఇచ్చిందీ ఆ సోమవారమే, నేను నా పరీక్ష మొదలుపెట్టిందీ ఆ సోమవారమే. ఆవిడ రోజు విడిచి రోజు, నేనూ రోజు విడిచి రోజు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే, నేను నాది మాత్రమే చూశాను.

నిన్న మాత్ర వేసుకోలేదు. నిన్న పదిసార్లూ బాగా ఆడారు.

ఇవాళ వేసుకున్నారు. నాకు చూపించి మరీ వేసుకున్నారు.

ఫోన్ తీసి అత్తయ్యకి చేశాను. ఎత్తలేదు. మామయ్యకి చేశాను. ఎత్తలేదు. యార్డు గేటు దగ్గర అందరి ఫోన్లూ పెట్టెలో వేయించుకుంటారని అప్పుడు గుర్తొచ్చింది. గడియారం పదీ నలభై చూపిస్తోంది. పరీక్ష పదిన్నరకి.

ఇంట్లో చెప్పులతోనే పరుగెత్తాను. యార్డు నడిస్తే పావుగంట. ఎంతసేపట్లో వెళ్లానో నాకు తెలియదు. దారి పొడుగునా ఆ క్రేన్ కనిపిస్తూనే ఉంది. ఎంత పరుగెత్తినా అది దగ్గరికి రావట్లేదనిపించింది.

గేటు మనిషి నన్ను గుర్తుపట్టి, నెత్తిన ఒక హెల్మెట్ బోర్లించి లోపలికి వదిలాడు. పసుపు తాడు అవతల మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు. పక్కన పరీక్షాధికారి, చేతిలో అట్ట, అట్ట మీద కాయితం. ముందుకి సిగ్నల్ మ్యాన్. పైన కొక్కానికి సిమెంటు పలకల కట్ట వేలాడుతోంది. దాన్ని రెండు గోడల మధ్య, నేల మీద గీసిన చదరంలో దించాలి. ఆ చదరానికి అటొకడు, ఇటొకడు, తాళ్లు పట్టుకుని ఇద్దరు కూలీలు.

కట్ట కదలడం లేదు.

“ఏమైంది మామయ్యా?”

“నువ్వెందుకొచ్చావు?” ఆయన మొహం పాలిపోయి ఉంది. “ఎత్తడం బాగానే ఎత్తింది. ఇక్కడిదాకా తెచ్చి ఆపేసింది. రెండు నిమిషాలైంది. అడిగితే పలకట్లేదు.”

“ఎవరీమె?” అన్నాడు పరీక్షాధికారి.

“కోడలు.”

“ఇంకో రెండు నిమిషాలు చూస్తాను. దించకపోతే కాయితం మీద ఫెయిలని రాసేస్తాను. నేను చెయ్యగలిగింది అంతే.”

సిగ్నల్ మ్యాన్ భుజానికున్న వైర్‌లెస్ గరగరమంది. ఆ తర్వాత అత్తయ్య గొంతు, నెమ్మదిగా.

“హెల్మెట్ వంకరగా పెట్టుకున్నది మా అమ్మాయేనా?”

సిగ్నల్ మ్యాన్ నా మొహం చూసి, మారు మాట్లాడకుండా వైర్‌లెస్ నా చేతిలో పెట్టాడు. మీట ఎక్కడుందో వేలితో చూపించాడు.

“నేనే అత్తయ్యా.”

“మంచిదానివి, వేళకొచ్చావు. ఒక సంగతి తేల్చు. చెయ్యి ఇవాళ బరువుగా ఉంది. ఆ పదకొండు వచ్చిన రోజుల్లో ఉన్నట్టే ఉంది. అవన్నీ నీ కంప్యూటర్ తప్పని నిన్న నువ్వు చెప్పావు.” గరగర. “ఇక్కడ నీ కంప్యూటర్ లేదు కదమ్మా?”

కూలీలిద్దరూ తల పైకెత్తి చూస్తున్నారు. వాళ్లకి ఈ మాటలు వినబడవు. పరీక్షాధికారి కలం మూత తీశాడు. ఆ కట్టని ఉన్నచోటే వదిలి దిగమంటే ఆవిడ ఇరవై ఆరేళ్ల పని ఇవాళ్టితో సరి. దించమంటే, ఆ ఇద్దరి మీద. మామయ్య నా భుజం పట్టుకున్నారు. ఏం చెప్పమనో, ఏం చెప్పొద్దనో ఆ చేతికీ తెలిసినట్టు లేదు.

మీట నొక్కాను.

“మీ పుస్తకమే నిజం అత్తయ్యా. నేను చెప్పింది తప్పు. మీ చెయ్యి బాగుంది. ఆ మాత్రే దాన్ని పట్టేస్తోంది. ఇవాళ మీ చేతిని నమ్మకండి.”

గరగర కూడా ఆగిపోయింది. నలభై మీటర్ల పైన ఆ గాజుగది ఎండకి మెరుస్తోంది, లోపలి మనిషి కనబడదు.

“ఎడమచెయ్యి ఉందిగా,” అంది వైర్‌లెస్‌లోంచి అత్తయ్య గొంతు. ఎవరూ ఏమీ అనకముందే కొక్కెం కదిలింది. పైకో, కిందికో, కన్నీళ్లలో నాకు తెలియలేదు.